మంచు కరిగే పొలంలో కర్బనం లెక్క



మాకు పాఠం చెప్పిన మాస్టారి పేరిట ఈ సభలో మాట్లాడమన్నప్పుడు విషయం కోసం నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. ప్రాక్టికల్ రికార్డులో ఎవరైనా ఒక అంకె వేసి, ఆ మట్టిని ఎంత లోతు నుంచి తీశారో రాయకపోతే ఆయన సంతకం పెట్టేవారు కాదు. పుస్తకం మూసి చేతికిచ్చేవారు, అంతే. మేం మళ్ళీ పొలానికి వెళ్ళవలసిందే. నా ఉద్యోగ జీవితం ఎక్కువగా కెనడా ప్రెయిరీ మైదానాల్లో, ఆరు నెలలు గడ్డకట్టి ఉండే సాగునేలల మధ్య గడిచింది. ఆ నేలలు ఎంత కర్బనాన్ని దాచుకుంటున్నాయి, ఎంత వాయువును గాలిలోకి వదులుతున్నాయి అనే దాని మీద ఈరోజు ప్రభుత్వాలు విధానాలు రాస్తున్నాయి, కంపెనీలు డబ్బు పెడుతున్నాయి, రైతులు సంతకాలు చేస్తున్నారు. అవన్నీ ఆధారపడిన కొలత ఎలా జరుగుతుందో చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం. నేలలో చేరిన కర్బనాన్నీ నేల నుంచి లేచిన వాయువునూ ఒకే పొలంలో, ఏడాది పొడవునా, ఏళ్ళ తరబడి కలిపి కొలవనిదే ఏ లెక్కా నిలబడదని నా నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో వివరిస్తాను.

చలి దేశాల నేలలకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అక్కడ కుళ్ళడం నిదానం. మొక్క చచ్చి మట్టిలో కలిసిన తరువాత దాన్ని తినే సూక్ష్మజీవులకు అక్కడ ఏడాదిలో సగం కాలం పని సరిగ్గా సాగదు. అందువల్ల వేల ఏళ్ళుగా గడ్డివేళ్ళు పోగుచేసిన కర్బనంతో ప్రెయిరీ మట్టి నల్లబడింది. ఫిన్లాండ్ లాంటి చోట్ల నీళ్ళు నిలిచి, గాలి ఆడక, మొక్కలు సగం కుళ్ళి పీట్ నేలలయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ వలస వచ్చిన రైతులు ప్రెయిరీ గడ్డినేలను నాగళ్ళతో తిరగేశారు. తేమ నిలవాలని ఏడాది విడిచి ఏడాది పొలాన్ని ఖాళీగా వదిలి, కలుపు మొలవకుండా పదేపదే దున్నేవారు. పంట లేదు కాబట్టి కొత్త కర్బనం రాదు, తేమా వెచ్చదనమూ ఉన్నాయి కాబట్టి పాతది కుళ్ళిపోతుంది. మొదట ఉన్న సేంద్రియ కర్బనంలో దాదాపు పావు వంతు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, ఇలా పోయింది. 1930ల కరువులో ఆ మట్టే దుమ్ముతుఫానులై లేచింది. 1935లో కెనడా ప్రభుత్వం ప్రెయిరీ పొలాల పునరుద్ధరణకు ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టవలసి వచ్చింది.

తరువాతి కథ ఆశ కలిగిస్తుంది. 1971లో కోటి హెక్టార్లకు పైగా ఉన్న ఆ ఖాళీ దుక్కి భూమి 2016 నాటికి పది లక్షల హెక్టార్ల లోపుకు తగ్గింది. కలుపు మందులు, దున్నకుండానే మోళ్ళ మధ్య విత్తనం వేసే యంత్రాలు వచ్చాయి. ఖాళీగా ఉంచే ఏడాదిలో, ప్రెయిరీ రాష్ట్రమైన సస్కాచెవాన్ రైతులు మసూర్, బఠానీ వేయడం మొదలుపెట్టారు. మన వంటింట్లో ఎర్రపప్పుగా ఉడికే మసూర్‌లో మంచి భాగం ఆ పొలాల నుంచి ఓడలెక్కి వచ్చిందే. మన దుకాణాల్లో దొరికే ఎర్ర పొటాష్‌లో కొంత కూడా అదే రాష్ట్రపు గనుల్లోది. ఆ నేలల లెక్క మనకు పూర్తిగా పరాయిది కాదు.

దున్నడం మానితే, ఖాళీ ఏడు పోతే నేలలో కర్బనం పెరుగుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఎంత పెరుగుతుందని అడిగితే మాత్రం తగాదా మొదలవుతుంది.

మట్టి ఎలా తీస్తారో చూడండి. ట్రక్కు వెనక హైడ్రాలిక్ యంత్రం ఒక ఉక్కు గొట్టాన్ని నేలలోకి దింపుతుంది. పైకి లాగితే మట్టి స్తంభంలాగా నిలువునా వస్తుంది. పైన నల్లగా, వేళ్ళతో అల్లుకుని ఉంటుంది. కిందికి పోయేకొద్దీ గోధుమరంగు, ఇంకా కిందికి తెల్లటి సున్నపు చారలు. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి పది పది సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తాం. ప్రతి ముక్కనూ తూచి, ఆరబెట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, పొడి చేస్తాం. ఆ పొడి మీద ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. సున్నంలోని కర్బనం రాతి కర్బనం, పంట తెచ్చింది కాదు. దాన్ని తీసేయకుండా కొలిస్తే రైతు చేయని పుణ్యం రైతు ఖాతాలో పడుతుంది. చివరికి తొమ్మిది వందల డిగ్రీలకు పైబడిన వేడిలో ఆ పొడిని కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రంతో కొలుస్తారు.

ఇక్కడికి వచ్చేది శాతం మాత్రమే. హెక్టారుకు ఎన్ని టన్నులు అని చెప్పాలంటే ఆ లోతులో ఎంత మట్టి ఉందో తెలియాలి. ముప్ఫై సెంటీమీటర్ల లోతు, ఘనసెంటీమీటరుకు 1.3 గ్రాముల సాంద్రత అనుకుంటే ఒక హెక్టారులో 3,900 టన్నుల మట్టి ఉంటుంది. రెండు శాతం కర్బనమైతే 78 టన్నులు. ఇప్పుడు ఆ రైతు దున్నడం మానేశాడు, నేల కొంచెం అణిగి సాంద్రత 1.4 అయింది. శాతం అదే రెండు. గొట్టం అదే ముప్ఫై సెంటీమీటర్లు దిగింది. ఈసారి లెక్క 84 టన్నులు వస్తుంది. ఆరు టన్నుల కర్బనం, అంటే 22 టన్నుల కార్బన్ డయాక్సైడ్, ఎక్కడి నుంచీ రాకుండానే కాగితం మీద పుట్టుకొచ్చింది! దున్నని నేలలో ఏడాదికి 200 కిలోలు నిజంగా చేరినా ఆరు టన్నులకు ముప్ఫై ఏళ్ళు పడుతుంది. అందుకే లోతును స్థిరంగా పెట్టుకోకుండా మట్టి బరువును స్థిరంగా పెట్టుకుని, సమాన బరువు మట్టిలో ఎంతుందని పోల్చాలని ప్రెయిరీ శాస్త్రవేత్తలు పట్టుబట్టారు. అల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో బెన్ ఎల్లర్ట్, హెన్రీ జాన్జెన్ చేసిన పని ఈ విషయంలో దారి చూపింది. పశువుల ఎరువు వేసిన చోట దీనికి తలకిందుల సమస్య వస్తుంది. స్వీడన్‌లో ఉప్సల పక్కన ఉల్తునాలో 1956 నుంచి నడుస్తున్న ప్రయోగంలో సేంద్రియ పదార్థం వేసిన మళ్ళలో మట్టి గుల్లబారి నేల మట్టమే పైకి లేచింది. అక్కడ పాత లోతుకే గొట్టం దింపితే ఉన్న కర్బనం కూడా లెక్కలోకి రాదు. అదే ప్రయోగం ఇంకో సంగతీ తేల్చింది. నేలలో ఎక్కువకాలం నిలిచే కర్బనం ఆకులూ గడ్డీ కన్నా వేళ్ళ నుంచి రెండింతలకు పైగా వస్తోందని. పొలంలో గడ్డి ఎంత వదిలాం అన్న ఒక్క ప్రశ్నతో తృప్తిపడేవాళ్ళు దీని గురించి ఆలోచించాలి.

లోతు గురించి మాస్టారు సంతకం పెట్టకుండా ఆపిన ప్రశ్న అంతర్జాతీయ పత్రికల్లో 2007లో పెద్ద వివాదమయింది. అమెరికాలోని మిన్నెసోటాలో జాన్ బేకర్, ఆయన సహచరులు పాత పరిశోధనలన్నీ ముందేసుకుని, దున్నని నేలలో కర్బనం పెరిగిందని చెప్పినవి దాదాపు అన్నీ ముప్ఫై సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయాయని చూపించారు. దున్నిన పొలంలో గడ్డి కిందికి వెళ్ళి పూడుకుంటుంది, దున్నని పొలంలో పైనే ఉంటుంది. పైపైన తవ్వితే దున్నని పొలం నెగ్గుతుంది. లోతుగా తవ్వితే చాలాచోట్ల తేడా మాయమవుతుంది. తూర్పు కెనడా తేమ నేలల్లో ఇదే కనబడింది. పశ్చిమాన పొడి ప్రెయిరీలో మాత్రం, ఖాళీ దుక్కి పోయి పంటలు పెరిగాయి కాబట్టి, నిజమైన పెరుగుదలే ఉంది. ఒకే దేశంలో, ఒకే పద్ధతికి, రెండు సమాధానాలు. ఎక్కడిదో ఒక అంకె తెచ్చి ఇంకెక్కడో అతికించడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంకో చిక్కు కాలం. 78 టన్నుల్లో ఏడాదికి 200 కిలోలంటే పావు శాతం. పది అడుగుల దూరంలో తీసిన రెండు గొట్టాల మట్టి మధ్యే పది శాతం తేడా ఉండవచ్చు. గాదె నిండా వడ్లున్నప్పుడు రోజూ గుప్పెడు పోస్తున్నారో తీస్తున్నారో పైనుంచి చూసి చెప్పలేం, నేల కూడా అంతే. మూడేళ్ళ ప్రాజెక్టులో ఈ మార్పు పట్టుబడదు. పదేళ్ళయినా కావాలి, అదీ వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళి తీస్తేనే. సస్కాచెవాన్‌లో నేల సంరక్షణ రైతుసంఘం 1996లో ఈ పని మొదలుపెట్టింది. దున్నకుండా సాగు చేయడం మొదలుపెట్టిన రైతుల పొలాల్లో చిన్న చిన్న చోట్లు ఎంచుకుని, నాగలికి తగలనంత లోతులో ఎలక్ట్రానిక్ గుర్తులు పాతి, మట్టి తీసి పెట్టారు. తరువాత 2018 వరకు పలుమార్లు అదే చోటికి, గుర్తును పరికరంతో వెతికి, పాత గుంటల పక్కనే కొత్త గొట్టాలు దింపారు. మధ్యలో పొలాలు చేతులు మారాయి, కొందరు రైతులు పోయారు, నిధులు ఆగాయి, మళ్ళీ వచ్చాయి. ప్రెయిరీ నేలల్లో కర్బనం నిజంగానే పెరిగిందని ఈరోజు ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఆ పాతిన గుర్తుల వల్లే. ఆ రైతులకు నేను ఎంతో ఋణపడి ఉన్నాను. వాళ్ళలో చాలామందికి దీనివల్ల ఒక్క డాలరు రాలేదు.

అన్నిచోట్లా ఫలితాలు ఇంత సంతోషకరంగా లేవు. ఫిన్లాండ్‌లో ఇలాగే దేశమంతటా పొలాల మట్టిని 1974 నుంచి 2009 వరకు మళ్ళీ మళ్ళీ కొలిచారు. అక్కడి పీట్ కాని ఖనిజ నేలల్లో హెక్టారుకు ఏడాదికి సగటున 220 కిలోల కర్బనం పోతోందని తేలింది. అడవినీ గడ్డినేలనూ పొలం చేసిన పాత పాపం కొంత, గడ్డిపంటలు తగ్గి ఏడాది పంటలు పెరగడం కొంత, వాతావరణం వేడెక్కడం కొంత. ఏటా వెయ్యికి నాలుగు వంతుల చొప్పున, అంటే 0.4 శాతం, నేల కర్బనాన్ని పెంచుదామని 2015 పారిస్ సమావేశంలో ఫ్రాన్స్ ఒక ఉద్యమం ప్రకటించింది కదా, ఫిన్లాండ్ పొలాలు సరిగ్గా అదే వేగంతో వెనక్కి నడుస్తున్నాయి.

ఇప్పటిదాకా నేలలో ఉన్నదాని మాట. నేల నుంచి లేచేదాని కథ మరీ కష్టం.

సాగునేలల నుంచి వచ్చే వాయువుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ళ లెక్కన ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. నత్రజని ఎరువు నేలలో పడ్డాక సూక్ష్మజీవులు దాన్ని మార్చే దారిలో ఇది పుడుతుంది. దీన్ని కొలిచే పాత పద్ధతి మూతపెట్టె. నేలలో ముందే ఒక చట్రం దింపి ఉంచుతాం. కొలిచే రోజున దాని మీద పెట్టె బిగించి, పెట్టగానే ఒకసారి, తరువాత పావుగంటకోసారి, సిరంజితో లోపలి గాలి తీసి, గాలి తీసేసిన చిన్న గాజుసీసాల్లోకి ఎక్కిస్తాం. ల్యాబులో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఆ సీసాల్లో ఎంతుందో చెబుతుంది. బయటి గాలిలో నూరు కోట్ల అణువుల్లో నైట్రస్ ఆక్సైడ్‌వి 335, 340 ఉంటాయి. మామూలు రోజున అరగంటలో పెట్టెలో ఓ పది, ఇరవై పెరుగుతాయి. అదే పెట్టె ఏప్రిల్ మొదట్లో, మంచు కరిగే వారంలో పెడితే వందలు, ఒక్కోసారి వేలు పెరుగుతాయి.

ఈ ఏప్రిల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలాకాలం శాస్త్రవేత్తలు చలికాలాన్ని లెక్కలో వేసుకోలేదు. గడ్డకట్టిన నేలలో ఏం జరుగుతుందిలే అని పెట్టెలు తీసి షెడ్డులో పెట్టేవాళ్ళు, మే నెలలో విత్తేటప్పుడు మళ్ళీ దింపేవాళ్ళు. కానీ మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పైమట్టి రెండు మూడు అంగుళాలు కరుగుతుంది, దాని కింద ఇంకా మంచుగడ్డే. కరిగిన నీళ్ళు కిందికి దిగే దారి ఉండదు. పొలం మీద నడిస్తే బూటు చీలమండ దాకా దిగబడి, అడుగున మాత్రం గట్టిగా బండ తగిలినట్టుంటుంది. ఆ పలచని బురదలో ప్రాణవాయువు ఉండదు. చలికి చచ్చిన సూక్ష్మజీవులూ వేళ్ళూ పగిలి తేలికగా అరిగే ఆహారం బయటపడి ఉంటుంది. శరదృతువులో మిగిలిన నత్రజని కూడా అక్కడే ఉంది. బతికిన బాక్టీరియా ఆ నత్రజనిని పట్టుకుంటాయి. మామూలుగా అయితే అవి నైట్రస్ ఆక్సైడ్‌ను ఇంకో మెట్టు దాటించి, ఏ హానీ చేయని నైట్రోజన్‌గా వదిలేస్తాయి. చలిలో ఆ చివరి మెట్టు నడిపే ఎంజైము మందగిస్తుంది. వాయువు సగం దారిలోనే గాలిలోకి జారిపోతుంది.

ఆ వారంలో మూతపెట్టెతో కొలవడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. చట్రాలు మంచు ఉబ్బుకు పైకి లేచి వంకరపోతాయి. కొన్నిటిలో నీళ్ళు నిలుస్తాయి. వాయువు పొద్దున ఒకలాగా, మధ్యాహ్నం ఎండకు పదింతలుగా వస్తుంది. వారానికి ఒకసారి పోయి కొలిస్తే ఆ ఎగజిమ్మే రోజు దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. అందుకని మానిటోబాలో విన్నిపెగ్‌కు దక్షిణంగా ఉన్న గ్లెన్‌లీ పరిశోధన క్షేత్రంలోనూ ఒంటారియోలోని ఎలోరాలోనూ స్తంభాలు పాతారు. రెండు ఎత్తుల నుంచి గొట్టాలు గాలిని లాగుతూ ఉంటాయి, షెడ్డులోని లేజర్ యంత్రం ఆ రెండు గాలుల మధ్య తేడాను రాత్రీ పగలూ, మంచు కురుస్తున్నా, చూస్తూ ఉంటుంది. గ్లెన్‌లీ మట్టి మన నల్లరేగడి జాతిదే, ఎండితే నెర్రెలిచ్చి తడిస్తే అంటుకునే బంకమట్టి. ఆ రెండుచోట్లా ఏళ్ళ తరబడి వచ్చిన కొలతలతో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాడియా వాగ్నర్-రిడిల్, మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన మారియో తెనూటా, వారి సహచరులు 2017లో ఒక వ్యాసం ప్రచురించారు. గడ్డకట్టి కరిగే కాలపు వాయువును వదిలేయడం వల్ల ప్రపంచ సాగునేలల నైట్రస్ ఆక్సైడ్ లెక్క 17 నుంచి 28 శాతం దాకా తక్కువ పడుతోందని తేల్చారు. కొన్ని ఏళ్ళలో ఏడాది మొత్తం వాయువులో సగానికి పైగా ఆ కొద్ది వారాల్లోనే వచ్చింది. పెట్టెలు షెడ్డులో ఉన్న వారాలవి.

నేలను ఎంత లోతు, ఎంతకాలం చలి పట్టిందన్న దాని మీద ఈ ఎగజిమ్మడం ఆధారపడుతుందని కూడా ఆ కొలతలు చూపాయి. మంచు దుప్పటి మందంగా ఉంటే నేల అంతగా గడ్డకట్టదు. మోళ్ళు నిలిపి ఉంచిన పొలం మంచును పట్టి ఉంచుతుంది. శరదృతువులో ఎరువు వేయడానికీ దీనికీ సంబంధం ఉంది. ప్రెయిరీ రైతు అక్టోబరులో అమ్మోనియా నేలలోకి ఎక్కించడానికి అతనికి తగిన కారణాలున్నాయి. అప్పుడు ఎరువు చవక, తీరిక ఉంటుంది. వసంతంలో విత్తడానికి అతనికి దొరికేది మూడు నాలుగు వారాలే. అతన్ని తప్పుపట్టే ముందు ఆ మూడు వారాల్లో అతనితో పాటు ట్రాక్టరు ఎక్కి చూడాలి. అయితే లెక్క కూడా అంతే న్యాయంగా ఉండాలి. ప్రపంచమంతా విరివిగా వాడిన లెక్క ఒకటుంది. వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని 2006లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన గుణకం. 2019లో దాన్ని సవరించి, తేమ ప్రాంతాల్లో రసాయన ఎరువుకు 1.6 శాతం, పొడి ప్రాంతాల్లో 0.5 శాతం అన్నారు. అలాంటి గుణకానికి ఎరువు ఎంత వేశారో తెలుసు, ఏ రోజు వేశారో తెలియదు. రైతు అక్టోబరు మానుకుని మేలో వేసినా, పైన చల్లకుండా విత్తనం పక్కన దించినా, ఆ కష్టానికి లెక్కలో చోటు లేదు. 2020 చివర కెనడా ప్రభుత్వం ఎరువుల నుంచి వచ్చే వాయువులను 2030కల్లా 30 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టినప్పుడు రైతులు భగ్గుమన్నారు. వాళ్ళ కోపంలో నాకు న్యాయం కనబడింది. ఎరువు తగ్గిస్తే తప్ప తగ్గినట్టు చూపలేని లెక్కతో, ఎరువు వాడే తీరు మార్చమంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఈ రెండు లెక్కలూ కలిపితే ఏమవుతుందో ఇప్పుడు చూడండి. హెక్టారుకు నూరు కిలోల నత్రజని, అంటే మన యూరియా బస్తాలు దాదాపు ఐదు. అందులో ఒక శాతం పోతే ఒక కిలో నత్రజని, నైట్రస్ ఆక్సైడ్‌గా 1.57 కిలోలు. 273తో హెచ్చవేస్తే 429 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. కర్బనంగా మారిస్తే 117 కిలోలు. అంటే ఆ పొలంలో ఏడాదికి 117 కిలోల కర్బనం చేరినా, గాలికి ఇచ్చిందీ నేలలో దాచిందీ చెల్లుకు చెల్లు. ఇది ఇక్కడితో ఆగదు. నేలలో నిలిచే సేంద్రియ పదార్థంలో ప్రతి పది పన్నెండు పాళ్ళ కర్బనానికీ ఒక పాలు నత్రజని ఉంటుంది. ఒక టన్ను కర్బనం నిలవాలంటే 80 నుంచి 100 కిలోల నత్రజని నేలలోనే ఉండిపోవాలి. ఆ నత్రజని బస్తా నుంచి రావాలి, లేదా మసూర్, బఠానీ వేళ్ళ బుడిపెల నుంచి రావాలి. ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్నిబట్టి లెక్క లాభమో నష్టమో మారిపోతుంది. కర్బనం మాత్రమే కొలిచినవాడికి ఇది ఎన్నటికీ కనబడదు.

ఫిన్లాండ్ పీట్ పొలాల్లో ఈ మాట ఇంకా తీవ్రం. దేశంలోని సాగుభూమిలో అవి పదో వంతు. వ్యవసాయం నుంచి వచ్చే వాయువుల్లో సగానికి పైగా వాటి వాటా. కాలువలు తవ్వి నీళ్ళు తీసేయగానే వేల ఏళ్ళ పోగు గాలి తగిలి కుళ్ళడం మొదలుపెడుతుంది, పొలం మట్టం ఏళ్ళు గడిచేకొద్దీ కుంగుతుంది. నీటిమట్టం పెంచితే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మరీ పైకి తెస్తే మీథేన్ లేస్తుంది. ఎక్కడ ఆపాలన్నది నైట్రస్ ఆక్సైడ్‌తో కలిపి మూడు వాయువులూ ఒకేసారి కొలిచినవాళ్ళే చెప్పగలరు. అలాంటి పొలాల పక్కన ఖనిజ నేలల్లో ఏటా కొన్ని కిలోలు పెంచడం గురించి మాట్లాడుకోవడం నాకు ప్రాధాన్యం తప్పినట్టే అనిపిస్తుంది.

నేల ఎప్పటికీ నింపుకుంటూ పోదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో లాస్, గిల్బర్ట్ మొదలుపెట్టిన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం ఇంకా నడుస్తోంది. సస్కాచెవాన్‌లోని సస్కటూన్ ఊరిదీ దానిదీ దాదాపు ఒకే అక్షాంశం, సముద్రం పక్కన ఉండడం వల్ల చలి మాత్రం వేరు. అక్కడ ఏటా పశువుల ఎరువు వేసిన మడిలో కర్బనం మొదటి దశాబ్దాల్లో వేగంగా పెరిగి, రెండింతలు దాటి, తరువాత దాదాపు ఆగిపోయింది. పక్కనే హూస్‌ఫీల్డ్ బార్లీ పొలంలో 1852 నుంచి 1871 దాకా ఎరువు వేసి ఆపేసిన మడి ఉంది. నూరేళ్ళ తరువాత కూడా, ఎప్పుడూ ఎరువు వేయని మడికన్నా అందులో కర్బనం ఎక్కువే ఉంది. ఆ సంగతి తెలిసింది ఎవరో పాత సీసాలు పారేయకుండా ఉంచబట్టే. రోథమ్‌స్టెడ్ గిడ్డంగిలో మట్టి, పంట నమూనాలు మూడు లక్షల దాకా ఉన్నాయి. పెట్టినవాళ్ళు ఊహించని ప్రశ్నలకు ఆ సీసాలు ఇవాళ జవాబులిస్తున్నాయి.

జాన్జెన్ 2006లో రాసిన ఒక వ్యాసంలో ఈ కర్బనాన్ని దాచుకుందామా వాడుకుందామా అని అడిగాడు. నేలకు సారం వచ్చేది కర్బనం కుళ్ళినప్పుడే. కుళ్ళితేనే నత్రజని విడుదలవుతుంది, వానపాములూ బాక్టీరియా బతుకుతాయి, మట్టి గుల్లగా ఉంటుంది. కదలని కర్బనం నేలకు అన్నం పెట్టదు. నేలకర్బనాన్ని గాలి శుద్ధి చేసే ఖజానాగా మాత్రమే చూసే కొత్త ఉత్సాహానికి ఈ ప్రశ్న గట్టి సమాధానం. పొలం ముందు పంట కోసం. తరువాతే వాతావరణం కోసం.

కర్బనం మార్కెట్ల గురించి ఒక మాట చెప్పి ముగింపుకు వస్తాను. అల్బర్టా రాష్ట్రం 2007లో, వాయువులు వదిలేవాళ్ళు ఇతరులు చేసిన తగ్గింపును కొనుక్కునే ఆఫ్‌సెట్ల విధానం పెట్టి, దున్నకుండా సాగు చేసే రైతులకు కర్బనం కింద డబ్బు ఇప్పించింది. ప్రతి పొలంలో మట్టి తీయలేదు. ప్రాంతానికో గుణకం, ఎన్ని ఎకరాలు దున్నలేదో దానితో హెచ్చవేత. చాలాకాలపు ప్రయోగాల మీద ఆధారపడిన గుణకాలు కాబట్టి అది కొంతవరకు నిజాయితీగానే నడిచింది. దున్నకపోవడం అందరి అలవాటయ్యాక కొత్తగా ఏం చేస్తున్నారని ఇవ్వాలన్న ప్రశ్న వచ్చి, 2021 చివరతో ఆ పద్ధతి ముగిసింది. ఇప్పుడు తెలుగు నేలల్లోనూ కర్బనం క్రెడిట్ల పేరుతో కంపెనీలు రైతుల దగ్గరికి వస్తున్నాయి. వచ్చేవాళ్ళందరినీ నేను అనుమానించను. కానీ మన పరీక్షా కేంద్రాలు ఇచ్చే మట్టి ఆరోగ్య కార్డులో సేంద్రియ కర్బనం శాతంగా ఉంటుంది. 0.5 లోపు తక్కువ, 0.75 దాకా మధ్యస్థం, ఆ పైన ఎక్కువ అని. అది మనం చాలాచోట్ల 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతిలో తేలుస్తున్న అంకె. ఆ పద్ధతి మట్టిలోని కర్బనాన్ని అంతా పట్టుకోదు. పట్టుకోనిదాన్ని ఒక స్థిర గుణకంతో కలుపుకుంటాం. ఎరువు సలహాకు అది చాలు. టన్నుల లెక్కన అమ్మకానికి చాలదు, ఎందుకంటే ఆ కార్డులో సాంద్రత ఉండదు, ముప్ఫై సెంటీమీటర్ల కింద ఏముందో ఉండదు, ఆ పొలం నుంచి ఎంత నైట్రస్ ఆక్సైడ్, వరి అయితే ఎంత మీథేన్ లేచిందో ఉండదు.

మనకు అనుభవం లేదనీ అనలేం. పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ 1976లో నల్లరేగడిలో మొదలుపెట్టిన దీర్ఘకాల ప్రయోగంలో, మెరుగైన పద్ధతిలో సాగు చేసిన పొలం పాత పద్ధతి పొలం కన్నా ఏడాదికి హెక్టారుకు 330 కిలోల పైచిలుకు కర్బనం ఎక్కువగా దాచుకుందని పాతికేళ్ళ తరువాత తేలింది. పాతికేళ్ళు ఆగారు కాబట్టే ఆ అంకెకు విలువ. అలాంటి పొలాలు జిల్లాకు ఒకటి కావాలి. విశ్వవిద్యాలయ క్షేత్రాల్లో, ఒప్పుకున్న రైతుల పొలాల్లో చోట్లు గుర్తించి, నాగలి తగలని లోతులో గుర్తులు పాతి, మీటరు లోతు దాకా మట్టి తీసి ఆరబెట్టి దాచాలి. మూతపెట్టెలు ఖరీదైనవి కావు. తొలకరి వాన పడి ఎండిన నేల తడిసే మొదటి రోజులే మన దగ్గర వాయువు ఎగజిమ్మే సమయం. సెలవులైనా సరే ఆ రోజుల్లో పొలంలో ఎవరో ఒకరు ఉండేలా పని పంచుకోవాలి. మాస్టారి పేరిట ఉన్న నిధి చిన్నదని నాకు తెలుసు. దానితో స్తంభాలూ లేజర్లూ కొనలేం. గాజుసీసాలు, ఒక గొట్టం, ఒక బీరువా కొనవచ్చు. ఆ నిధి కమిటీ ఈ ఏడాది ఆ పని మొదలుపెట్టాలని, మొదటి సీసాల మీద ఊరు, సర్వే నెంబరు, తేదీ, సాంద్రత, లోతు ఈ సభలో ఉన్న విద్యార్థులే రాయాలని కోరుతున్నాను.